ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ రెండూ కావాలా? ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలో ఇలా తేల్చుకోండి!

ఇంట్లో ఉన్నది ఒకటే ల్యాప్‌టాప్. అందులో విండోస్ ఉంది. కాలేజీలో మాత్రం లినక్స్ మీద ల్యాబ్ చేయమంటున్నారు. ఇంకోచోట డీటీపీ సెంటర్‌లో కొత్త కంప్యూటర్ కొన్నారు. కానీ పదిహేనేళ్ల నాటి పెళ్లి కార్డుల ఫైళ్లు అందులో తెరుచుకోవడం లేదు. మరొకరు మోజుపడి మ్యాక్‌బుక్ కొన్నారు. తీరా చూస్తే ఆఫీసు సాఫ్ట్‌వేర్ విండోస్‌లో తప్ప నడవదు. ఈ ముగ్గురికీ దారి ఒక్కటే.. వర్చువలైజేషన్. అంటే ఉన్న సిస్టమ్‌ను చెరపకుండా, కొత్తది కొనకుండా, దాని లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడపడం.

అయితే ముగ్గురికీ పనికొచ్చే సాఫ్ట్‌వేర్ మాత్రం ఒకటి కాదు. ఎవరో చెప్పారని ఏదో ఒకటి డౌన్‌లోడ్ చేసుకుంటే కొందరికి ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తుంది. కొందరికి అసలు ఇన్‌స్టాలే అవ్వదు. ఇంకొందరు అవసరం లేకపోయినా డబ్బులు కట్టేస్తారు. అందుకే ముందు మెషీన్‌ను చూసుకోవాలి, తర్వాత పనిని చూసుకోవాలి. సాఫ్ట్‌వేర్ పేరు ఆఖరున రావాలి. అదెలాగో ఇక్కడ చూడండి.

అసలు వర్చువల్ మెషీన్ అంటే ఏంటి?

పెద్ద ఇంటిని రెండు పోర్షన్లు చేసి ఒకటి అద్దెకిచ్చినట్టు అనుకోండి. ఇల్లు ఒక్కటే, కరెంటు లైను ఒక్కటే, నీళ్ల ట్యాంకు ఒక్కటే. కానీ ఎవరి తలుపు వాళ్లది, ఎవరి వంట వాళ్లది. కంప్యూటర్‌లోనూ అంతే. మొదటి నుంచీ ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను హోస్ట్ అంటారు. అది ఇంటి ఓనర్. లోపల కొత్తగా దింపే ఆపరేటింగ్ సిస్టమ్‌ను గెస్ట్ అంటారు. అది అద్దెకొచ్చిన కుటుంబం. ఇద్దరికీ ర్యామ్, ప్రాసెసర్, డిస్క్ పంచిపెట్టే సాఫ్ట్‌వేర్ పేరు హైపర్‌వైజర్.

గెస్ట్ డిస్క్ మొత్తం హోస్ట్‌లో ఒక పెద్ద ఫైల్ రూపంలో ఉంటుంది. తెరిస్తే మామూలు విండోలా తెరుచుకుంటుంది. పని అయ్యాక షట్ డౌన్ చేసేయొచ్చు. ఇక అక్కర్లేదనుకుంటే డిలీట్ చేసేయొచ్చు. ఓనర్ పోర్షన్‌కు ఏమీ కాదు.

ఇదేమీ కొత్త ఐడియా కాదు. 1960లలోనే ఐబీఎం తన పెద్ద మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్లలో ఈ పద్ధతి మొదలుపెట్టింది. 1972లో వీఎం/370 పేరుతో దాన్ని మార్కెట్‌లోకి తెచ్చింది. మామూలు డెస్క్‌టాప్‌లకు 1999లో వీఎంవేర్ వర్క్‌స్టేషన్‌ వచ్చింది. ఆ తర్వాత ఇంటెల్ 2005లో, ఏఎండీ 2006లో వర్చువలైజేషన్ సపోర్ట్‌ను ప్రాసెసర్‌లోనే పెట్టేశాయి. ఇప్పుడు చేతిలో ఉన్న మామూలు ల్యాప్‌టాప్ కూడా ఈ పని చేయగలుగుతోందంటే కారణం అదే.

డ్యూయల్ బూట్ చేస్తే సరిపోదా?

చాలామంది విద్యార్థులు మొదట చేసేది డ్యూయల్ బూట్. అంటే డిస్క్‌ను రెండుగా విడగొట్టి, ఒక భాగంలో విండోస్, ఇంకో భాగంలో లినక్స్ పెట్టుకోవడం. ఇందులో లినక్స్‌కు మెషీన్ పవర్ మొత్తం దక్కుతుంది. అది నిజమే. కానీ ఒకసారికి ఒక్కటే నడుస్తుంది. మారాలంటే ప్రతిసారీ రీస్టార్ట్ చేయాలి.

అసలు రిస్క్ వేరే ఉంది. పార్టిషన్ చేసేటప్పుడు తప్పు డిస్క్ సెలెక్ట్ చేస్తే విండోస్‌తో పాటు ఇంట్లోవాళ్ల ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు, ప్రాజెక్టు ఫైళ్లు అన్నీ పోతాయి. కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్క్ ఎన్‌క్రిప్షన్ ముందే ఆన్ అయి ఉంటోంది. బూట్ సెట్టింగ్స్ మారితే బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ దొరక్కపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఇంట్లో ఉన్నది ఒకే ల్యాప్‌టాప్ అయితే ఈ రిస్క్ అనవసరం. వర్చువల్ మెషీన్‌లో లినక్స్ ఎంత పాడుచేసినా పాడయ్యేది ఆ ఒక్క ఫైలే. మళ్లీ మొదలుపెట్టొచ్చు. నేర్చుకునేవాళ్లకు కావాల్సింది సరిగ్గా ఇదే.

ముందు మీ మెషీన్‌లో ఈ 5 విషయాలు చూసుకోండి

1. వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందా?
విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ మీద క్లిక్ చేయండి. కింద వర్చువలైజేషన్ అన్న చోట ఎనేబుల్డ్ అని ఉంటే ఓకే. డిజేబుల్డ్ అని ఉంటే బయోస్‌లోకి వెళ్లి ఆన్ చేయాలి. ల్యాప్‌టాప్ ఆన్ అవుతుండగా ఎఫ్2, ఎఫ్10, డిలీట్, ఎస్కేప్ కీలలో ఒకటి నొక్కితే బయోస్ వస్తుంది. కంపెనీని బట్టి కీ మారుతుంది. ఇంటెల్ మెషీన్లలో ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ లేదా వీటీ-ఎక్స్ అని, ఏఎండీలో ఎస్‌వీఎం మోడ్ అని ఉంటుంది. బయోస్‌లో చేయి పెట్టే ముందు బిట్‌లాకర్ రికవరీ కీని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో చూసి ఎక్కడైనా రాసిపెట్టుకోండి.

2. ర్యామ్ ఎంత?
అసలు లెక్క ఇక్కడే ఉంది. గెస్ట్‌కు ఇచ్చిన ర్యామ్, అది నడుస్తున్నంతసేపూ హోస్ట్‌కు తగ్గిపోతుంది. ఉన్నదాంట్లో సగానికి మించి ఇవ్వకపోవడం మంచిది. 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో పూర్తి వర్చువల్ మెషీన్ ఆలోచన మానుకోండి. ఇద్దరూ అవస్థ పడతారు. 8 జీబీ ఉంటే ఒక లినక్స్ గెస్ట్‌ను నడపొచ్చు. అప్పుడు కూడా జుబుంటు, లుబుంటు లాంటి తేలికపాటి రకం తీసుకుంటే హాయిగా ఉంటుంది. 16 జీబీ ఉంటే విండోస్ 11ను కూడా గెస్ట్‌గా పెట్టుకోవచ్చు.

3. డిస్క్‌లో ఖాళీ ఉందా? అది ఎస్‌ఎస్‌డీయేనా?
ఉబుంటు డెస్క్‌టాప్‌కు 25 జీబీ, విండోస్ 11కు 64 జీబీ కావాలి. హార్డ్ డిస్క్ మీద రెండు సిస్టమ్‌లు ఒకేసారి నడిస్తే రెండూ నిదానిస్తాయి. పాత ల్యాప్‌టాప్ మీద డబ్బు పెట్టాలనుకుంటే ఏ సాఫ్ట్‌వేర్ కొనకుండా ముందు ఎస్‌ఎస్‌డీ, తర్వాత ర్యామ్ వేయించుకోవడం లాభం.

4. ప్రాసెసర్ ఏ రకం?
ఇంటెల్, ఏఎండీ ఒక జాతి. యాపిల్ ఎం సిరీస్, స్నాప్‌డ్రాగన్ చిప్‌లు ఏఆర్‌ఎం అనే ఇంకో జాతి. ఒక జాతి కోసం తయారైన ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకో జాతి మీద నేరుగా నడవదు. మ్యాక్ కొన్నవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

5. మీది విండోస్ హోమా? ప్రోనా?
సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ చూస్తే తెలుస్తుంది. షోరూమ్‌లో కొన్న ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది హోమ్. మైక్రోసాఫ్ట్ సొంత సాఫ్ట్‌వేర్ హైపర్-వి హోమ్‌లో రాదు.

ఉన్న ఆప్షన్లు ఏంటి? ఏది ఎవరికి?

డబ్ల్యూఎస్‌ఎల్: లినక్స్ కమాండ్లు నేర్చుకోవడానికి మాత్రమే అయితే వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. విండోస్‌లోనే ఉంది. పేరు విండోస్ సబ్‌సిస్టమ్ ఫర్ లినక్స్. విండోస్ 10, 11 హోమ్‌లో కూడా పనిచేస్తుంది. పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డబ్ల్యూఎస్‌ఎల్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, ఒక స్పేస్ ఇచ్చి, రెండు డ్యాష్‌లు పెట్టి, వెంటనే ఇన్‌స్టాల్ అని కొడితే చాలు. ఉబుంటు దిగిపోతుంది. ఒకసారి రీస్టార్ట్ చేస్తే రెడీ. సీ ప్రోగ్రామ్‌లు, పైథాన్, షెల్ స్క్రిప్ట్‌లు.. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో వచ్చే పని చాలావరకు ఇందులో అయిపోతుంది. గెస్ట్‌కు ర్యామ్ ఇంత అని ముందే విడిగా పక్కన పెట్టక్కర్లేదు. అవసరాన్ని బట్టి వాడుకుంటుంది.

వర్చువల్‌బాక్స్: లినక్స్ డెస్క్‌టాప్ మొత్తం కావాలంటే మొదట చూడాల్సింది ఇదే. 2007లో ఇన్నోటెక్ అనే జర్మన్ కంపెనీ తెచ్చింది. తర్వాత సన్ చేతికి, 2010లో సన్‌తో పాటు ఒరాకిల్ చేతికి వెళ్లింది. ఓపెన్ సోర్స్. ఉచితం. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ ఇన్‌స్టాల్ అవుతుంది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0ను కూడా 2022లో వచ్చిన 7.0 వెర్షన్ నుంచి ఇదే సమకూరుస్తోంది. ఏ సమస్య వచ్చినా నెట్‌లో ఎవరో ఒకరు జవాబు రాసి ఉంటారు. కొత్తవాళ్లకు అది పెద్ద అండ.

వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో: ఒకప్పుడు డబ్బు కట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్. వీఎంవేర్‌ను 2023 నవంబర్‌లో బ్రాడ్‌కామ్ కొనేసింది. ఆ తర్వాత 2024 మేలో సొంత వాడకానికి, అదే ఏడాది నవంబర్‌లో ఆఫీసు వాడకానికి కూడా ఉచితం చేసింది. డౌన్‌లోడ్ చేయాలంటే బ్రాడ్‌కామ్ సైట్‌లో అకౌంట్ తెరవాలి. ఆ తతంగం కాస్త విసుగు తెప్పిస్తుంది. గ్రాఫిక్స్ ఉన్న పనుల్లో, విండోస్‌ను గెస్ట్‌గా వాడేటప్పుడు చాలామందికి వర్చువల్‌బాక్స్ కన్నా ఇది సాఫీగా అనిపిస్తుంది. ఎవరైనా అమ్మకానికి పెట్టిన లైసెన్స్ కీలు కొని మోసపోకండి. ఇప్పుడు కీ అవసరమే లేదు.

హైపర్-వి: విండోస్ ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో ముందే ఉంటుంది. విండోస్ ఫీచర్స్‌లో టిక్ పెడితే ఆన్ అవుతుంది. విండోస్ సర్వర్ నేర్చుకునేవాళ్లకు, సిస్టమ్ అడ్మిన్ ఉద్యోగం వైపు వెళ్లేవాళ్లకు ఇది మంచి ఎంపిక. యూఎస్‌బీ పరికరాలను గెస్ట్‌కు ఇవ్వడం మాత్రం వర్చువల్‌బాక్స్‌లో ఉన్నంత సులువు కాదు. డాంగిల్‌తో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లు ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి.

కేవీఎం: మీ హోస్ట్ లినక్స్ అయితే వేరేచోట వెతకక్కర్లేదు. 2007లోనే లినక్స్ కెర్నల్‌లో భాగమైపోయింది. వర్ట్-మేనేజర్ లేదా గ్నోమ్ బాక్సెస్ అనే యాప్ వేసుకుంటే మౌస్‌తోనే అంతా నడిపించొచ్చు. వేగం బాగుంటుంది. పైసా ఖర్చు లేదు.

మ్యాక్ ఉన్నవాళ్లకు: 2020లో ఎం1 చిప్ వచ్చాక బూట్ క్యాంప్ దారి మూసుకుపోయింది. ఎం సిరీస్ మ్యాక్‌లో నడిచేది ఏఆర్‌ఎం రకం విండోస్ 11, ఏఆర్‌ఎం రకం లినక్స్ మాత్రమే. ప్యారలల్స్ డెస్క్‌టాప్‌కు డబ్బు కట్టాలి. కానీ అన్నీ అదే చూసుకుంటుంది. ఎం1, ఎం2 మ్యాక్‌లలో విండోస్ 11 నడపడానికి 2023లో మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఓకే చెప్పింది దీనికే. వీఎంవేర్ ఫ్యూజన్ ఉచితం. యూటీఎం దాని సొంత సైట్ నుంచి దించుకుంటే ఉచితం. వర్చువల్‌బాక్స్ కూడా 2024లో వచ్చిన 7.1 నుంచి ఎం సిరీస్‌లో ఏఆర్‌ఎం లినక్స్‌ను నడుపుతోంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మామూలు విండోస్ సాఫ్ట్‌వేర్‌లను ఏఆర్‌ఎం విండోస్ చాలావరకు లోపల మార్చుకుని నడిపేస్తుంది. కానీ డ్రైవర్ల విషయంలో అది కుదరదు. జీఎస్టీకి, ఈ-టెండర్లకు వాడే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌కు ఏఆర్‌ఎం డ్రైవర్ లేకపోతే మ్యాక్‌లోని విండోస్‌లో అది పనిచేయదు. లైసెన్స్ కొనే ముందు ట్రయల్ వెర్షన్‌లో మీ టోకెన్ పెట్టి చూసుకోండి.

పాత సాఫ్ట్‌వేర్ బతకాలంటే..

తెలుగు రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి డీటీపీ పని ఎక్కువగా పేజ్‌మేకర్, అను ఫాంట్లతోనే నడిచింది. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ ఫైళ్లలో తెలుగు యూనికోడ్‌లో ఉండదు. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. అందుకే చాలా షాపుల్లో ఒక మూల పాత ఎక్స్‌పీ కంప్యూటర్ ఇంకా నడుస్తూనే ఉంటుంది. అది ఆగిపోయిన రోజు పాత కస్టమర్ల పనంతా దానితో పాటే పోతుంది.

ఈ భయానికి మందు వర్చువల్ మెషీనే. పాత కంప్యూటర్ బతికుండగానే ఫైళ్లు, ఫాంట్లు, సాఫ్ట్‌వేర్ సీడీలు బయటికి తీసి భద్రం చేసుకోవాలి. కొత్త కంప్యూటర్‌లో వర్చువల్‌బాక్స్ వేసి, అందులో పాత విండోస్‌ను, దాని మీద ఆ సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టాల్ చేయాలి. సొంత లైసెన్స్, సీడీ ఉండాలన్నది మర్చిపోవద్దు. డాంగిల్ ఉంటే అది గెస్ట్‌లో కనిపిస్తోందో లేదో ముందుగా చూసుకోవాలి. అన్నీ పనిచేస్తున్నాయని తేలాకే పాత మెషీన్‌కు సెలవు ఇవ్వాలి.

ఒక్క షరతు. ఆ గెస్ట్‌కు ఇంటర్నెట్ ఇవ్వకూడదు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో సపోర్ట్ ఆపేసింది. వాటికి సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. వర్చువల్ మెషీన్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో అడాప్టర్‌ను తీసేస్తే సరి. ఫైళ్ల రాకపోకలకు ఒకే ఒక షేర్డ్ ఫోల్డర్ పెట్టుకుంటే చాలు.

విండోస్ 10 వాళ్లకూ ఇదే లెక్క వర్తిస్తుంది. దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మెషీన్ బాగానే ఉంది కానీ విండోస్ 11 ఎక్కట్లేదు అనేవాళ్లు ఇలా చేయొచ్చు. డేటా మొత్తం బ్యాకప్ తీసి, హోస్ట్‌గా లినక్స్ పెట్టుకుని, తప్పనిసరి అయిన ఒకటి రెండు విండోస్ సాఫ్ట్‌వేర్‌ల కోసం నెట్ లేని గెస్ట్ ఉంచుకోవచ్చు. ఇందుకు కనీసం 8 జీబీ ర్యామ్ ఉండాలి.

ఈ పొరపాట్లు చేస్తే నష్టమే!

స్నాప్‌షాట్‌ను బ్యాకప్ అనుకోవడం: స్నాప్‌షాట్ అంటే గెస్ట్ ఆ క్షణంలో ఎలా ఉందో గుర్తుపెట్టుకోవడం. ప్రయోగం చెడితే వెనక్కి వెళ్లడానికి పనికొస్తుంది. కానీ అది అసలు డిస్క్ ఫైల్ మీదే ఆధారపడి ఉంటుంది. డిస్క్ పోతే స్నాప్‌షాట్ కూడా పోతుంది. గెస్ట్‌ను షట్ డౌన్ చేసి, ఆ ఫోల్డర్ మొత్తాన్ని బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేస్తేనే అది బ్యాకప్.

ఖాళీ కోసం ఫైళ్లు చేత్తో డిలీట్ చేయడం: డిస్క్ నిండిపోయిందని స్నాప్‌షాట్ ఫైళ్లను ఫోల్డర్‌లోంచి డిలీట్ చేస్తే గెస్ట్ మళ్లీ తెరుచుకోదు. తీసేయాలంటే ఆ సాఫ్ట్‌వేర్ లోపలి నుంచే తీసేయాలి. ఇంకో సంగతి.. గెస్ట్ డిస్క్ ఫైల్ వాడే కొద్దీ పెరుగుతుంది. లోపల ఫైళ్లు డిలీట్ చేసినంత మాత్రాన దానంతట అది తగ్గదు.

షేర్డ్ ఫోల్డర్‌లో మొత్తం డ్రైవ్ ఇచ్చేయడం: గెస్ట్‌లో వైరస్ పడితే హోస్ట్ క్షేమమే అనుకుంటారు. కానీ డీ డ్రైవ్ మొత్తాన్ని షేర్ చేసి ఉంటే రాన్సమ్‌వేర్ ఆ ఫైళ్లను కూడా లాక్ చేసేస్తుంది. పోర్షన్ అద్దెకిచ్చి బీరువా తాళాలు కూడా చేతికిచ్చినట్టే. ఒక చిన్న ఫోల్డర్ మాత్రమే షేర్ చేయండి. చూడటానికి మాత్రమే అయితే రీడ్ ఓన్లీ పెట్టండి.

క్రాక్ వెర్షన్లు, ఎవరో తయారుచేసిన రెడీమేడ్ మెషీన్లు: పైన చెప్పినవాటిలో చాలావరకు అధికారికంగానే ఉచితం. అలాంటప్పుడు టెలిగ్రామ్ లింకుల జోలికి ఎందుకు? ఎథికల్ హ్యాకింగ్ నేర్చుకునేవాళ్లకు కాలీ లినక్స్ తన సొంత సైట్‌లోనే వర్చువల్‌బాక్స్, వీఎంవేర్ కోసం రెడీమేడ్ ఫైళ్లు ఇస్తోంది.

లైసెన్స్ మర్చిపోవడం: గెస్ట్‌గా పెట్టే విండోస్‌కు మామూలుగా విడిగా లైసెన్స్ ఉండాలి. హోస్ట్‌లో ఉన్న విండోస్ దానికి లెక్కలోకి రాదు. నేర్చుకోవడానికి మాత్రమే అయితే మైక్రోసాఫ్ట్ ఇచ్చే 90 రోజుల ఎంటర్‌ప్రైజ్ ట్రయల్ వాడుకోవచ్చు. అలాగే వర్చువల్‌బాక్స్ ఉచితమే కానీ దానితో విడిగా వచ్చే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ సొంత వాడకానికి, చదువుకు మాత్రమే ఉచితం. ఆఫీసులో వాడితే ఒరాకిల్‌కు డబ్బు కట్టాలి. యూఎస్‌బీ 3 సపోర్ట్ కోసం ఒకప్పుడు ఈ ప్యాక్ తప్పనిసరి. 7.0 నుంచి అది మామూలు ప్యాకేజీలోకే వచ్చేసింది. కాబట్టి అవసరమైతే తప్ప దాని జోలికి వెళ్లొద్దు.

వర్చువల్‌బాక్స్ స్లో అయితే.. ఆ తాబేలును చూశారా?

వర్చువల్‌బాక్స్ విండో అడుగున చిన్న ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తుంటే ఒక అర్థం ఉంది. విండోస్ ఇప్పటికే ప్రాసెసర్ వర్చువలైజేషన్‌ను హైపర్-వి కోసం తీసేసుకుంది. వర్చువల్‌బాక్స్ దాని కింద, తక్కువ వేగంతో నడుస్తోంది. హైపర్-వి, డబ్ల్యూఎస్‌ఎల్, విండోస్ సెక్యూరిటీలోని మెమరీ ఇంటెగ్రిటీ.. వీటిలో ఏది ఆన్‌లో ఉన్నా ఇలా జరగొచ్చు.

అలాగని మెమరీ ఇంటెగ్రిటీని ఆపేయమని సలహా ఇచ్చే వీడియోలను గుడ్డిగా నమ్మకండి. అది విండోస్‌కు రక్షణ కవచం. దాన్ని ఆపే బదులు వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రయత్నించొచ్చు. 2020 నుంచి అది హైపర్-వి ఆన్‌లో ఉన్నా నడిచేలా మారింది. విండోస్ ప్రో ఉంటే నేరుగా హైపర్-వినే వాడుకోవచ్చు.

గెస్ట్ స్క్రీన్ చిన్నగా ఉండటం, కాపీ పేస్ట్ పనిచేయకపోవడం మాత్రం వేరే సమస్య. వర్చువల్‌బాక్స్‌లో గెస్ట్ అడిషన్స్, వీఎంవేర్‌లో వీఎంవేర్ టూల్స్ వేస్తే అది తీరిపోతుంది. మౌస్ గెస్ట్ లోపల ఇరుక్కుపోతే కంగారు పడొద్దు. వర్చువల్‌బాక్స్‌లో కుడివైపు కంట్రోల్ కీ, వీఎంవేర్‌లో కంట్రోల్, ఆల్ట్ కలిపి నొక్కితే బయటికొస్తుంది.

ఉచితం అంటే ఎప్పటికీ ఉచితమని కాదు

వర్చువల్‌బాక్స్ ఇప్పటికి మూడు కంపెనీల చేతులు మారింది. వీఎంవేర్ అమ్ముడైంది. వర్క్‌స్టేషన్ ఉచితమైంది. అదే కంపెనీ సర్వర్ల కోసం ఉచితంగా ఇచ్చే ఈఎస్‌ఎక్స్ఐని మాత్రం 2024 మొదట్లో ఆపేసి, 2025లో మళ్లీ ఇచ్చింది. ఈ మధ్యలో దాన్ని నమ్ముకున్న చిన్న చిన్న ఆఫీసులు వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది.

అందుకే ఏది ఎంచుకున్నా బయటికొచ్చే దారి ఉంచుకోవాలి. వర్చువల్‌బాక్స్, వీఎంవేర్ రెండింటిలోనూ గెస్ట్‌ను ఓవీఏ అనే ఫార్మాట్‌లో ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. ఒకదాని ఫైల్‌ను ఇంకోదానిలో తెరవొచ్చు. చిన్న చిన్న సర్దుబాట్లు అవసరం కావొచ్చు కానీ మొదటి నుంచీ చేసే పని తప్పుతుంది. ముఖ్యమైన ప్రాజెక్టు ఉంటే నెలకోసారి ఇలా ఎక్స్‌పోర్ట్ చేసి బయట దాచుకోండి. గెస్ట్ లోపలి ఫైళ్లను విడిగా కూడా కాపీ తీసుకోండి.

4 జీబీ ర్యామే ఉంది.. ఏం చేయాలి?

నిరాశ పడక్కర్లేదు. డబ్ల్యూఎస్‌ఎల్‌లో కమాండ్ లైన్ వరకు వాడుకోవచ్చు. లేదంటే ఉబుంటు లాంటి లినక్స్‌ను పెన్ డ్రైవ్‌లో వేసి, ట్రై ఆప్షన్‌తో డిస్క్‌ను ముట్టుకోకుండా నడిపి చూడొచ్చు. అక్కడ ఇన్‌స్టాల్ మీద మాత్రం తొందరపడి క్లిక్ చేయొద్దు. పైథాన్ నేర్చుకోవడానికే అయితే గూగుల్ కోలాబ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ల్యాప్‌టాప్ మీద భారం పడదు.

ఫోన్‌లో కూడా ఇది మొదలైంది. గూగుల్ పిక్సెల్ ఫోన్లకు 2025 మార్చిలో వచ్చిన అప్‌డేట్‌తో లినక్స్ టెర్మినల్ వచ్చింది. అది ఫోన్ లోపల డెబియన్ లినక్స్‌ను వర్చువల్ మెషీన్‌గానే నడుపుతుంది. అన్ని మోడళ్లలో ఉండదు. డెవలపర్ ఆప్షన్స్‌లో చూసుకోవాలి.

గేమ్స్ ఆడుకోవచ్చా?

దాని కోసమే అయితే వర్చువల్ మెషీన్ వద్దు. గ్రాఫిక్స్ కార్డు పవర్ గెస్ట్‌కు పూర్తిగా అందదు. వాలొరెంట్ లాంటి ఆన్‌లైన్ గేమ్‌ల యాంటీ చీట్ సిస్టమ్ వర్చువల్ మెషీన్ అని తెలిస్తే ఆటనే మొదలవ్వనివ్వదు.

ఇక ఎంచుకోండి

లినక్స్ కమాండ్లు మాత్రమే కావాలా? డబ్ల్యూఎస్‌ఎల్. లినక్స్ డెస్క్‌టాప్ మొత్తం కావాలా, 8 జీబీ ర్యామ్ ఉందా? వర్చువల్‌బాక్స్. అది స్లోగా ఉందా, విండోస్‌నే గెస్ట్‌గా వాడాలా? వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో. విండోస్ ప్రో ఉండి సర్వర్ పని నేర్చుకోవాలా? హైపర్-వి. హోస్ట్ లినక్సా? కేవీఎం. ఎం సిరీస్ మ్యాకా? ముందు యూటీఎం లేదా ఫ్యూజన్ చూడండి, పని కాకపోతేనే ప్యారలల్స్‌కు డబ్బు పెట్టండి. పాత సాఫ్ట్‌వేర్ కాపాడుకోవాలా? వర్చువల్‌బాక్స్, ఇంటర్నెట్ లేకుండా.

ఇన్‌స్టాల్ బటన్ నొక్కే ముందు ఒక్క పని చేయండి. హోస్ట్‌లో ఉన్న ముఖ్యమైన ఫైళ్లను బయటి డిస్క్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి. ఆ తర్వాత గెస్ట్‌లో ఎన్ని ప్రయోగాలు చేసినా, ఎన్నిసార్లు పాడుచేసినా పోయేదేమీ ఉండదు.